కొరమేను మందు

బోర్డు మీద ‘శయన పరిశోధన కేంద్రం’ అని ఎంత పెద్ద అక్షరాలతో రాయించినా, చెరువుమిట్ట జనం దాన్ని పడక బంగళా అనే పిలిచారు. వాళ్ళ తప్పేమీ లేదు. లోపల జరిగేది పడుకోవడమే. కాళ్ళ వైపు కాస్త ఎత్తుగా, తల వైపు కాస్త వాలుగా ఉండే మంచాల మీద నిక్షేపంలాంటి మగవాళ్ళు రెండేసి నెలలు లేవకుండా పడుకునేవారు. తిండీ స్నానమే కాదు, పేకాట కూడా పడుకునే. అట్లా పడుకోబెడితే ఒళ్ళు తాను అంతరిక్షంలో ఉన్నాననుకుంటుంది. బరువు మోసే పనిలేని కండ బద్ధకిస్తుంది. ఇన్సులిన్ వచ్చి తలుపు తట్టినా తీయదు. చక్కెర నెత్తుట్లోనే తిరుగుతూ ఉంటుంది, కండ మాత్రం ఆకలితో కరిగిపోతూ ఉంటుంది. పైకి వెళ్ళిన వ్యోమగాములకు జరిగేదీ అదే.

"పొద్దస్తమానం పడుకోని తింటే కొవ్వు పట్టుద్దనుకున్నా. చిక్కిపోతారా డాక్టరమ్మా?" అని పెంచలయ్య ఆశ్చర్యపోయాడు, మొదటిసారి ఆ సంగతి విన్నప్పుడు.

"చిక్కేది కండ. ఒళ్ళు కాదు" అంది డాక్టర్ కామాక్షి. పడక బంగళాకు ఆమే పెద్ద. మాట కరుకు, నవ్వు తక్కువ, పని పిచ్చి ఎక్కువ. భర్త పోయాక ఆమెకు మిగిలినవి రెండే: ఆ పిచ్చి, కూతురు హిమజ. అదృష్టమో దురదృష్టమో, ఆ రెండూ ఒకే దారి పట్టాయి. తల్లి ఇక్కడ భూమ్మీద మంచాలు వేసి మనుషుల్ని పడుకోబెడుతుంటే, కూతురు పైకి వెళ్ళే జట్టులో చేరింది.

పెంచలయ్య ఆమెకు పరిచయమైంది చేపల వల్ల. ఎండాకాలం చెరువు నోరు తెరిచినప్పుడు, ఆ పగుళ్ళ పక్కన గునపం దించి బతికున్న కొరమేన్లను బయటికి తీయడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. నెలల తరబడి ఎండిన బురదలో కదలకుండా పడి ఉన్న చేప, తొట్టిలో వేయగానే తోక విదిలించి ఈదుకుంటూ పోయేది. జనం దాన్ని పులుసు పెట్టుకున్నారు. కామాక్షి మాత్రం దాన్ని చూస్తూ నిలబడిపోయింది. కదలని కండ కరగలేదంటే, ఇన్సులిన్ పిలుపు లేకుండానే అది చక్కెర తీసుకుంటూ ఉండాలి. తలుపు ఎవరో తెరిచి పెట్టి ఉండాలి.

ఆ తెరిచి పెట్టేదాన్ని పట్టుకోవడానికి ఆమెకు చాలా ఏళ్ళు పట్టింది. పట్టుకుని, మనిషి ఒంటికి సరిపడేట్టు మార్చి, సూదిమందు చేసింది. దానికి నోరు తిరగని పేరొకటి ఉండేది గానీ, బంగళాలో అందరూ కొరమేను మందనే అనేవారు.

మొదటి సూది పెంచలయ్యే పొడిపించుకున్నాడు. "నేను తవ్విన చేపే గదమ్మా. నాకు గాకుండా యెవురికి పొడుస్తారు?"

అతని వెనక మరికొందరు వచ్చారు. అయితే రెండు నెలలు ఇంటి మనుషుల మొహం చూడకుండా పడుకోమంటే ఒక్కడూ ఒప్పుకోలేదు. కామాక్షి ఆలోచించి ఆదివారాలు చుట్టాలను రానిచ్చింది. గుమ్మం మీద ‘బయటి తిండి తేరాదు’ అని రాయించింది. ఆమె పుట్టి పెరిగింది ఆ గడ్డమీదే. పడకలో ఉన్న మనిషిని చూడడానికి వట్టి చేతులతో పోకూడదని ఆమె తల్లి వందసార్లు చెప్పి ఉంటుంది. ఆ మాటకూ ఈ బోర్డుకూ పొత్తు కుదరదని ఆమెకు తట్టలేదు. చదువు మనిషిని ఒక్కోసారి ఇట్లాగే సొంత ఇంట్లో పరాయివాణ్ణి చేస్తుంది.

మందు పనిచేసింది. మామూలుగా పని చేయడం కాదు, కనీవినీ ఎరగనట్టు పనిచేసింది. రెండు నెలలు పడుకుని లేచిన పెంచలయ్య తొడ, పడుకోకముందు ఎంతుందో అంతే ఉంది. నెత్తుట్లో చక్కెర ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు. కామాక్షి దగ్గర పనిచేసే డాక్టర్ ఖాదర్ ఆ లెక్కలు చూసి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. పై అధికారులు ఒకటికి నాలుగుసార్లు చూసి, అంతరిక్ష నివాసంలో ఏడాది ఉండబోయే ఇద్దరిలో ఒకరికి ఇవ్వవచ్చన్నారు. ఆ ఇద్దరిలో ఒకరు హిమజ.

"మా అమ్మ వండింది నేను తినకపోతే ఎవరు తింటారు?" అని హిమజ చెయ్యి చాపింది.

బయలుదేరే ముందు హిమజ బంగళాకు వచ్చింది, అందరికీ చెప్పి వెళ్దామని. కారు గుమ్మం ముందు నిలబడి ఉంది. అప్పుడే పెంచలయ్య, అతని భార్య చెంగమ్మ గేటు దగ్గరికి వచ్చారు. పెంచలయ్య లోపలికి వస్తూ ఏదో చెప్పడానికి నోరు తెరిచి, కారును, సంచులను చూసి ఆగాడు.

"ఏం మామా, ఏదో చెప్పబోయి ఆగావే?" అని హిమజ అడిగింది. చేపల తొట్టి దగ్గర ఆడుకున్నప్పటి నుంచీ ఆమెకు అతను మామే.

పెంచలయ్య పెళ్ళాం వైపు చూశాడు. చెంగమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఏంల్యా తల్లీ. చల్లంగా పొయ్యి చల్లంగా రా" అన్నాడు.

కారు కదిలాక అతను మెట్టు మీద కూలబడి, జేబులోంచి ఏదో తీసి గబగబా నోట్లో వేసుకోవడం కామాక్షి చూసింది. వక్క కాబోలు అనుకుంది.

*

నాలుగైదు నెలలు హిమజ కబుర్లన్నీ పండగ కబుర్లే. తెరమీద చొక్కా చెయ్యి పైకి మడిచి కండ చూపించేది. తన జోడీ, లడాఖ్ నుంచి వచ్చిన దోర్జీ, రోజూ చెమటలు కక్కుతూ వ్యాయామం చేసినా పుల్లల్లా అవుతున్నాడని వెక్కిరించేది. "ఆకలి మాత్రం దంచేస్తోందమ్మా. వాడి వాటా కూడా నేనే తినేస్తున్నా" అనేది. బిడ్డ బాగా తింటోందంటే ఏ తల్లికి అనుమానం వస్తుంది?

తర్వాత ఒకరోజు తెర మీదికి హిమజ బదులు దోర్జీ వచ్చాడు. హిమజ తొక్కుడు యంత్రం మీద మామూలు కన్నా కొంచెం గట్టిగా తొక్కిందట. తొక్కుతూ తొక్కుతూ ఏదో పిచ్చిమాట అని, కళ్ళు పైకి తేలేసిందట. అతను తేనె గొట్టం నొక్కి నోట్లో పోస్తే చాలాసేపటికి తెలివొచ్చింది. నెత్తుట్లో చక్కెర దాదాపు లేదు.

కామాక్షి మొదట మీటరును తిట్టింది. తర్వాత దోర్జీని తిట్టింది. తిట్టడానికి ఇంకేమీ మిగలక, కుర్చీలో కూర్చుని, తెరిచి పెట్టిన తలుపు గురించి ఆలోచించింది. తెరిచిన తలుపు తెరిచే ఉంటే? కదలనంతసేపూ పర్వాలేదు. కండకు పని తగిలితే? ఒంట్లో చక్కెరంతా అదే తాగేస్తుంది. మెదడుకు చుక్క మిగలదు.

"కానీ మేడమ్, మనవాళ్ళలో ఎవరికీ పడిపోలేదుగా? లేపి నడిపించినప్పుడు కూడా చూశాం" అన్నాడు ఖాదర్.

"చూశాం" అంది కామాక్షి. లేచి కారు తాళాలు తీసుకుంది.

పెంచలయ్య ఇంటి ముందు వేపచెట్టు నీడలో మంచం. మంచం మీద పెంచలయ్య. పట్టపగలు, ఎండాకాలం, చెరువు ఎండి ఉంది, గునపం గోడకు ఆనించి ఉంది. దాని మీద సాలెగూడు కట్టింది. ఆ మనిషి ఆ వేళప్పుడు ఇంట్లో ఉన్నాడంటేనే కామాక్షికి సగం అర్థమైపోయింది.

"చేపలకు పోవడం లేదా?"

"రెండు పోట్లు పొడిస్తే కళ్ళు తిరగతాయమ్మా. శోష" అన్నాడతను సిగ్గుపడుతూ. చెంగమ్మ లోపల్నించి పళ్ళెంలో చిమ్మిలి ఉండలు తెచ్చింది. నువ్వులూ బెల్లమూ కలిపి దంచినవి. ఒకటి కామాక్షికి ఇచ్చి, ఒకటి అలవాటుగా మొగుడి నోట్లో పెట్టింది.

"ఇది నోట్లో బడితే లేస్తాడు. జేబులో వేసి పంపిస్తా యాడికి పొయ్యినా."

"ఎప్పటి నుంచి?"

చెంగమ్మ పళ్ళెం మంచం మీద పెట్టి కొంగు సర్దుకుంది. పెంచలయ్య నేలచూపు చూశాడు.

"చెప్పు చెంగమ్మా. బంగళాలో ఉన్నప్పుడు కూడా పెట్టావా?"

"పడకలో ఉన్న మనిషి దగ్గరికి వట్టి చేతుల్తో ఎట్ట వచ్చేదిమా?" అని చెంగమ్మ ఏడుపు అందుకుంది. "ఆదివారానికి ఒక మూట తెచ్చి దిండు కింద పెట్టేదాన్ని. నీరసంగా ఉండినప్పుడల్లా ఒకటి తినేవోడు. మీ బోర్డు చూశా. చదవను రాదు గానీ ఏం రాసుండారో తెలుసు. తెలిస్తే ఇంటికి పంపించేస్తారని చెప్పలా. మేమొక్కళ్ళమే కాదు, అందరూ తెచ్చేవోళ్ళు."

"లేచి నడిపించిన రోజు?"

"బుగ్గలో పెట్టుకున్నా" అన్నాడు పెంచలయ్య.

కామాక్షికి కోపం రాలేదు. వస్తే బాగుండునని మాత్రం అనిపించింది. కోపం వస్తే తిట్టి ఇంటికి పోవచ్చు.

"హిమ బయలుదేరే ముందు మీరు గేటు దగ్గరికి వచ్చింది ఇదే చెప్పడానికా?"

"ఆ. ఇంటికొచ్చినాక కూడా తగ్గలా. మందు తేడానేమో, పాపకు వద్దని చెప్పేద్దామనే వచ్చినామమ్మా." అన్నాడు పెంచలయ్య. "వచ్చేతలికి కారు గుమ్మంలో ఉండాది. బిడ్డ అంత దూరం బయలుదేరి నిలబడుంటే, అపశకునం మాట నోట్లోంచి ఎట్ట వచ్చిద్ది? మంచి మాట చెప్పి పంపించినాం."

ఖాదర్ మిగతా ఇళ్ళన్నీ తిరిగి సాయంత్రానికి వచ్చాడు. ఒకరింట్లో అరిసెలు, ఒకరింట్లో అరటిపళ్ళు, ఒక ముసలావిడ మజ్జిగని చెప్పి పానకం. "ఒక్కరు కూడా వట్టి చేతులతో రాలేదు మేడమ్" అని చెప్పి, అతను గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మందు ముంచబోయిన ప్రతిసారీ ఎవరో ఒక తల్లో పెళ్ళామో బెల్లంతో తేల్చారు. ఆమె చూసి మురిసిపోయిన లెక్కలు మందువి కావు. ఆ జనం ప్రేమవి.

*

విరుగుడు లేదు. కామాక్షి దానికోసం వెతికినంతగా మందు కోసం కూడా వెతకలేదు. చేపను నీళ్ళలో వేస్తే దాని మొప్పల్లో ఏదో కదిలి, కండ తలుపులు ఒక్కపూటలో మూసుకుంటాయి. చేపకు వాన వచ్చిందని చెప్పేది ఒకటుంది. మనిషికి చెప్పేది ఏదీ లేదు. సూదులు ఆపితే సర్దుకుంటుందని ఆమె అనుకుంది. పెంచలయ్య ఎప్పుడో ఆపాడు. అయినా అతని కండ ఇంకా వాన కోసమే చూస్తోంది. అతనికి పడింది రెండు నెలల మందు. హిమజకు అంతకు రెండింతలకు పైనే.

కూతురికి ఆమే చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు.

హిమజ "చిమ్మిలా?" అంది. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "మామకు ఎట్లా ఉంది?"

"నువ్వు నీ సంగతి చూసుకో."

"నా సంగతి నీకు తెలుసు గదమ్మా. ఇక్కడ తిండి అయిపోతోంది. కొత్తది వచ్చేలోపు నేను అన్నీ ఊడ్చేస్తాను, దోర్జీ వాటాతో సహా. దిగాలి."

దిగాలి. అసలు చిక్కు అక్కడే ఉంది. దిగేటప్పుడు ఒంటి బరువు అయిదారు రెట్లవుతుంది. ఊపిరి తీయడానికి కూడా ప్రతి కండా బిగుసుకుంటుంది. నోట్లో ఏదీ పెట్టుకోలేరు. చేతి నరానికి చక్కెర నీళ్ళు ఎక్కించాలి. తక్కువైతే మెదడు మాడుతుంది. ఎక్కువైతే ఒళ్ళంతా నీరు పట్టి మెదడు ఉబ్బుతుంది. ఎంత వేగంగా ఎక్కించాలో తెలిస్తే బతుకుతుంది. ఆ అంకె ఏ పుస్తకంలోనూ లేదు. అది తెలుసుకోవడానికి అట్లాంటి కండ ఉన్న మనిషిని అంత బరువులో పెట్టి చూడాలి.

బంగళా వెనక షెడ్డులో మనుషుల్ని గిరగిర తిప్పే పెద్ద యంత్రం ఉంది. ఊరి పిల్లలు దాన్ని రంకులరాట్నం అంటారు. దాన్లో కూర్చుంటే దిగేటప్పటి బరువంతా భూమ్మీదే తగులుతుంది.

పెంచలయ్యను ఎవరూ అడగలేదు. అతనే వచ్చాడు. "నేను చెప్పుంటే బిడ్డ పొయ్యుండేది కాదు. నన్ను తిప్పండమ్మా."

"నిన్ను తిప్పితే ఏమవుతుందో నాకు తెలియదు పెంచలయ్యా. తెలియకే తిప్పుతున్నాను. లేవకపోవచ్చు. లేచినా చెంగమ్మను గుర్తుపట్టకపోవచ్చు."

"తెలుసు."

వద్దని ఆమె అనాలి. అనలేదు. కూతురు చావుబతుకుల్లో ఉన్న తల్లి నోటి నుంచి ఆ మాట ఎట్లా వస్తుంది? ఖాదర్ వైపు చూడకుండా, యంత్రం సిద్ధం చేయమంది.

మర్నాడు ఉదయం పెంచలయ్యను కుర్చీకి పట్టీలతో కట్టారు. చేతికి సూది పెట్టారు. ఖాదర్ తెల్లబోయిన మొహంతో మీటల ముందు కూర్చున్నాడు. షెడ్డు తలుపు దగ్గర చెంగమ్మ నిలబడి ఉంది. ఏడుస్తుందని, కాళ్ళ మీద పడుతుందని కామాక్షి అనుకుంది. పడితే తోసేయడానికి కూడా మనసు గట్టి చేసుకుంది. చెంగమ్మ ఏడవలేదు. కొంగు ముడి విప్పి చిన్న మూట తీసి కామాక్షి చేతిలో పెట్టింది.

"దిగంగానే ఆయన నోట్లో ఒకటి పెట్టండిమా. మీరైతే దగ్గరుంటారు గదా. ఇప్పుడే దంచి తెచ్చినా."

మూట ఇంకా వెచ్చగా ఉంది. కామాక్షి దాన్ని పట్టుకుని నిలబడింది. ఆ మూటలో ఉన్న నమ్మకాన్ని ఆమె మోయలేకపోయింది.

"విప్పేయ్ ఖాదర్."

"మేడమ్, హిమజ..."

"తెలుసు. విప్పేయ్."

పట్టీలు విప్పుతుంటే పెంచలయ్య గొడవపడ్డాడు. తిప్పమని బతిమాలాడు. కామాక్షి అతని మాట వినిపించుకోలేదు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, కాగితం మీద లెక్కలు వేసి వేసి, చివరికి ఒక అంకె రాసింది. అది లెక్క కాదు, ఊహ. ఆ సంగతి ఆమెకు తెలుసు.

"మామను తిప్పలేదుగా?" అన్నదే, ఖాదర్ ద్వారా సంగతి విన్న హిమజ ఆ సాయంత్రం అడిగిన మొదటి మాట.

"లేదు."

"మంచి పని చేశావ్." తెరకు ఇంకాస్త దగ్గరగా వచ్చింది. "దిగే చోటికి నువ్వొస్తావుగా అమ్మా?"

"వస్తా."

"వట్టి చేతులతో రాకు. ఆకలిగా ఉంటుంది."

*

వాళ్ళు దిగే పేటికకు గాలి గొడుగులు సరిగానే విచ్చుకున్నాయి. పేటిక సముద్రంలో సరిగానే పడింది. ఓడ మీద కామాక్షి చెంగమ్మ ఇచ్చిన మూట పట్టుకుని నిలబడి ఉంది. ముందు దోర్జీని ఎత్తుకొచ్చారు. చేతులూ కాళ్ళూ పుల్లల్లా ఉన్నాయి, తల నిలవడం లేదు, అయినా ఆమెను చూసి ఏడ్చాడు. తర్వాత హిమజను తెచ్చారు. చేతికి సూది ఉన్నది ఉన్నట్టే ఉంది. చక్కెర నీళ్ళు ఆమె తల్లి రాసిచ్చిన వేగంతో చుక్క చుక్కగా దిగుతూనే ఉన్నాయి. ఊపిరి ఉంది. గుండె దిట్టంగా కొట్టుకుంటోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ, ఆ కళ్ళలో ఎవరూ లేరు.

నీళ్ళు తక్కువయ్యాయో ఎక్కువయ్యాయో ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. పెంచలయ్యను తిప్పి ఉంటే తెలిసేదేమో. తెలిసినా అతను ఇట్లా ఉండేవాడేమో. కామాక్షి ఈ రెండు మాటల మధ్య ఇంకా తిరుగుతూనే ఉంది.

ఇప్పుడు హిమజ పడక బంగళాలోనే ఉంటుంది. మంచం వాలు తీసేసి సమంగా వేశారు. పడుకుని ఏడాది దాటినా ఆమె కండ ఇసుమంత తగ్గలేదు. దూరం నుంచి పెద్ద డాక్టర్లు వచ్చి ఆ చేతులూ తొడలూ కొలిచి, తమలో తాము అద్భుతమని చెప్పుకుని, కామాక్షి విన్నదని తెలిసి తల దించుకుంటారు. మందు మీద ఆమె చేసిన ప్రతి వాగ్దానమూ నిజమైంది. అంతకన్నా పెద్ద శిక్ష ఇంకొకటి ఆమెకు దొరకదు.

ఆదివారం చెంగమ్మ వస్తుంది. పెంచలయ్య గేటు దాకా వచ్చి మెట్టు మీదే కూర్చుంటాడు, లోపలికి రాలేడు. గుమ్మం మీద బోర్డు అలాగే ఉంది, ఎవరూ తీయలేదు. చెంగమ్మ దాని కిందుగా వచ్చి, కొంగు ముడి విప్పి మూట ఇస్తుంది.

మొన్న ఆదివారం కూడా ఇచ్చింది. కామాక్షి చిమ్మిలి చిదిపి కూతురి పెదాల మధ్య పెట్టింది. హిమజ నమిలింది. మెల్లగా, గట్టిగా, చక్కగా నమిలి మింగింది. మొదట్లో ఆ నమలడం చూసి కామాక్షి పిచ్చి ఆశ పెట్టుకుంది. బిడ్డకు రుచి తెలుస్తోందనుకుంది. అది దవడ కండ దానంతట అది చేసే పనని ఖాదర్ చెప్పలేక చెప్పాడు. ఆమెకు తెలియంది కాదు.

"ఇంకొకటి పెట్టనా తల్లీ?" అని అడిగింది.

జవాబు కోసం ఆగింది. ఆగి, కండకు ఆకలి ఆగదు గనక, ఇంకొకటి పెట్టింది.